ఊరుమ్మడి కాలం
(విజయనగరంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరున జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు విషయం కోసం ఎక్కువ వెతుక్కోలేదు. ఆయన మాకు చరిత్ర చెప్పారు. రాజుల వరసలు, యుద్ధాల తేదీలు పరీక్షకు కావలసినంత చెప్పి, తక్కిన పీరియడంతా ఊరి మీద గడిపేవారు. ఈ బావి ఎవరు తవ్వించారు? ఈ సత్రంలో ఎవరికి అన్నం పెట్టేవారు, ఎవరిని గుమ్మం బయటే ఆపేవారు? ఇవీ ఆయన అడిగే ప్రశ్నలు. ఒక కట్టడం కనిపిస్తే దాని వయసు తర్వాత అడగండి, ముందు అది ఎవరికి పనికొచ్చిందో కనుక్కోండి అనేవారు. ఆ ప్రశ్నను ఇవాళ గడియార స్తంభాల ముందు పెట్టదలచుకున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. నాలుగు వీధుల కూడలిలో నిలబెట్టిన గడియారం ఊరివాళ్ళందరి ఉమ్మడి సొత్తు. చేతికి వాచీ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే వేళను డబ్బడగకుండా చెప్పే ఏర్పాటు అది. వీధి దీపం, వీధి కుళాయి ఎలా రోజూ అందాలో అదీ అలాగే అందాలి. మనం మాత్రం దాన్ని ఒక అందమైన పాత కట్టడంగానే గుర్తుపెట్టుకున్నాం. అందుకే పండగలకు సున్నం వేస్తాం, రంగు దీపాలు చుడతాం, లోపల యంత్రం తుప్పు పడుతుంటే పట్టించుకోం. ఈ పూట నేను చెప్పే కబుర్లన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

స్తంభాలకు ముందు

గడియార స్తంభాలు రాకముందు కూడా మనవాళ్ళు కాలాన్ని కొలిచారు. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రాత్రీ పగలూ కలిపి 60 గడియలు. ఏడున్నర గడియలైతే ఒక జాము. గిన్నె మునిగినప్పుడల్లా కంచు పలక మీద కొట్టి చెప్పడానికి మనుషులుండేవారు. పెళ్ళి ముహూర్తాలకు ఈ గిన్నెనే నమ్ముకున్నారు.

పొలంలో పనిచేసేవాళ్ళకు ఈ ఏర్పాటుతో పని లేదు. బారెడు పొద్దెక్కిందనో, పొద్దు వాలిందనో, దీపాల వేళయిందనో చెప్పుకుంటే సరిపోయేది. నాట్లకూ కోతలకూ నిమిషాల లెక్క అక్కర్లేదు. కంచు పలక మోత కోటలోని కాపలాదారు మారడానికి, గుడిలో నైవేద్యం పెట్టడానికి, దర్బారు మొదలవడానికి. మాస్టారి ప్రశ్న వేసి చూస్తే, కొలిచే పరికరం ఉంది గానీ అది కోట గోడల లోపలివాళ్ళది, గుడి ప్రాకారం లోపలివాళ్ళది. బయట చెవిన పడినవాళ్ళకు పడింది, లేనివాళ్ళకు లేదు.

కూడలిలోకి వచ్చిన గడియారం

19వ శతాబ్దం రెండో సగంలో మన ప్రాంతాల్లో ఈ పరిస్థితి చకచకా మారింది. హైదరాబాదు రెసిడెన్సీ పక్కన సుల్తాన్ బజారులో 1865లో గడియార స్తంభం లేచింది. మన గంటస్తంభం 1885 నాటిది. చార్మినారుకు నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. అప్పటికి చార్మినారు కట్టి దాదాపు 300 ఏళ్ళు. 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్‌జా మహబూబ్ చౌక్‌లో ఒక స్తంభం కట్టించాడు. సికింద్రాబాదులో 120 అడుగుల స్తంభాన్ని 1897 ఫిబ్రవరి 1న రెసిడెంటు సర్ ట్రెవర్ ప్లౌడెన్ ప్రారంభించాడు. అందులో గడియారాన్ని ఇచ్చింది సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ అనే వ్యాపారి. ముప్పై రెండేళ్ళలో ఇన్ని.

వీటిని ఎందుకు కట్టారంటే, ప్రజలకు వేళ తెలియాలనే ఒక్క కోరికతో అని నేను చెప్పను. దొరతనం దర్పం ఉంది, జమీందారు ఠీవి ఉంది, దాత పేరు నిలవాలన్న ఆశ ఉంది. కచేరీలకు, కోర్టులకు, బడులకు, దండుకు జనాన్ని నిమిషం తప్పకుండా రప్పించాలన్న అవసరం ఉంది. పదిన్నరకు కోర్టన్నప్పుడు పదిన్నర ఎప్పుడవుతుందో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కానీ మన ఊళ్ళోలా గడియారాన్ని 68 అడుగుల స్తంభం మీద పెట్టాక దాన్ని ఎవరు చూడాలో పెట్టినవాళ్ళు నిర్ణయించలేరు. బావి గట్టు మీదికి కొందరిని రానివ్వని రోజులవి. గుడి గడప దాటనివ్వని రోజులు. అలాంటి ఊళ్ళో తల ఎత్తిన ప్రతివాళ్ళకూ ఒకేలా కనబడిన వస్తువు గంటస్తంభం మీది గడియారం. కట్టినవాళ్ళు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, మన ఊరికి అందిన మొదటి అంటూముట్టూ లేని సదుపాయాల్లో అదొకటి. నేను ఈ స్తంభాలను ప్రేమించడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం కూలికి సంబంధించింది. ఇంగ్లండులో యంత్ర పరిశ్రమలు మొదలైన రోజుల గురించి చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. కొన్ని మిల్లుల్లో యజమానులు పొద్దున గడియారాన్ని ముందుకు, సాయంత్రం వెనక్కి తిప్పి పనిగంటలు దొంగిలించేవారట. కార్మికుడు సొంత వాచీ దగ్గర పెట్టుకుంటే ఊరుకునేవారు కాదట. కాలాన్ని కొలిచే సాధనం ఒక్క యజమాని చేతిలోనే ఉంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన దగ్గర నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల్లో షిఫ్టులకు వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మిల్లు కూత మిల్లువాళ్ళ మాట. ఊరి గడియారం ఊరి మాట. రెండూ ఒకటేనా అని సరిచూసుకునే వీలు కూలివాళ్ళకు ఉండటం చిన్న సంగతి కాదు.

మన స్తంభం కట్టేనాటికి ఈ ఊరికి రైలు ఇంకా రాలేదు. తూర్పు తీరపు రైలుమార్గం 1893 తర్వాత ముక్కలు ముక్కలుగా మొదలైంది. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. ఆ నాటకం తెర లేచేది మన బొంకులదిబ్బ దగ్గరే. గురజాడవారి ఊళ్ళో గంటస్తంభం అప్పటికి ఏడేళ్ళ కొత్త కట్టడం. పాతకాలపు ముహూర్తాలూ కొత్తకాలపు గంటలూ పక్కపక్కనే నడిచిన ఊరు ఇది. ఆ నాటకం చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఎవరి పన్నెండు?

గడియారం కూడలికి వచ్చాక ఇంకో పేచీ మొదలైంది. అది ఏ ఊరి వేళ చూపించాలి?

సూర్యుడు అందరికీ ఒకేసారి నడినెత్తికి రాడు. విజయనగరంలో పొద్దు నడినెత్తికి వచ్చిన ఇరవై నిమిషాలకు గాని హైదరాబాదులో రాదు. పాతకాలంలో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే, ఎవరికీ ఇబ్బంది లేదు. రైలూ తంతీ వచ్చాక ఇబ్బంది మొదలైంది. ఒక్కో స్టేషనులో ఒక్కో పన్నెండయితే బండ్లు గుద్దుకుంటాయి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1792లో కట్టిన నక్షత్రశాల ఉండేది. గోల్డింగ్‌హామ్ అనే ఖగోళజ్ఞుడు 1802లో అక్కడ లెక్కకట్టిన వేళ, గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. రైళ్ళు ఆ మద్రాసు వేళను పట్టుకున్నాయి. మన ఊరి సూర్యుడికీ మద్రాసు వేళకూ సుమారు 12 నిమిషాల తేడా. ఊరి లెక్కన బయల్దేరినవాడు స్టేషనులో 12 నిమిషాలు ఎదురుచూడాలి.

1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే వేళ వచ్చింది. గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. మీర్జాపూరు దగ్గరి రేఖ అని పుస్తకాల్లో చదువుకుంటాం. అదే రేఖ దక్షిణానికి దిగి మన తుని పరిసరాల్లో తీరం దాటి సముద్రంలోకి పోతుంది. దేశం తన వేళను కొలుచుకునే గీత తెలుగు నేల మీదుగా పోతోందని మన పిల్లలకు పాఠంలో చెప్పాలి. తుని స్టేషనులో దిగితే చూడటానికి ఆ గీత ఉండదు గానీ, దేశంలో గడియారానికీ సూర్యుడికీ దాదాపు పేచీ లేని చోట్లలో అదొకటి.

ఒకే వేళను అందరూ వెంటనే ఒప్పుకోలేదు. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత వేళల్ని వదల్లేదు. బొంబాయి వేళ కొత్త వేళకు 39 నిమిషాలు వెనక. పరాయి ప్రభుత్వం తమ పొద్దును కూడా మార్చేస్తోందని అక్కడి జనం నొచ్చుకున్నారు. ఒకే నగరంలో రైలు గడియారం ఒకటి చెబితే మునిసిపాలిటీ గడియారం ఇంకొకటి చెప్పింది. ఇది మొండితనం అని కొట్టిపారేయకూడదు. గడియారం మనదనుకున్నారు గనకే దాని ముల్లు ఎవరు తిప్పాలన్న దాని మీద పోట్లాడారు. ఇవాళ మన గడియారాలు వారాల తరబడి తప్పు వేళ చూపిస్తున్నా ఒక్క ఫిర్యాదు పోదు. ఆ బొంబాయివాళ్ళ పట్టుదలలో పదో వంతు మనకుండాలని కోరుకుంటాను.

పైన యంత్రం, లోపల మనిషి

మనం కిందనుంచి చూసేది ముఖాన్ని. గడియారం ఉండేది దాని వెనక. ఇనుప చట్రంలో ఇత్తడి పళ్ళచక్రాలు. వాటిని తిప్పేది బరువు. పీపాకు చుట్టిన ఉక్కు తాడుకు వేలాడే దిమ్మ మెల్లగా కిందికి దిగుతూ చక్రాలను లాగుతుంది. స్తంభం ఎత్తుగా ఉండటానికి దూరానికి కనబడటం ఒక కారణమైతే, ఈ దిమ్మ దిగడానికి చోటుండటం ఇంకొక సదుపాయం. దిమ్మను వదిలేస్తే చక్రాలు గిర్రున తిరిగి నిమిషాల్లో నేలకు దిగిపోతుంది. అలా పోకుండా ఒక కొక్కెం ఊపుకు ఒక్క పన్ను చొప్పున వదులుతుంది. ఆ కొక్కేన్ని ఊపేది లోలకం. టిక్కుమన్న ప్రతిసారీ మనం వినేది పన్ను కొక్కేనికి తగిలిన చప్పుడు.

లోలకం సుమారు ఒక మీటరు పొడవుంటే ఒక వైపుకు ఊగడానికి సెకను పడుతుంది. రెండు సెకన్లు పట్టాలంటే నాలుగు మీటర్ల పొడవుండాలి. ఇనుము ఎండకు సాగుతుంది, సాగితే ఊపు నెమ్మదిస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే మామూలు ఇనుప లోలకం రోజుకు ఐదు సెకన్లు వెనకబడుతుంది, అంటే వారానికి అర నిమిషం పైమాట. మన ఎండాకాలానికీ చలికాలానికీ మధ్య తేడా ఎంతో మీకు తెలుసు. ఎవరో ఒకరు చూసుకుంటూ, లోలకం గుండు కింది మరను కొద్దిగా బిగించి వేళ సరిచేస్తుండాలి. లండన్ పార్లమెంటు గడియారానికి లోలకం మీద పాతకాలపు పెన్నీ నాణేలు పేర్చి ఈ పని చేస్తారు. ఒక్క నాణెం పెడితే రోజుకు సెకనులో ఐదింట రెండు వంతులు ముందుకు పోతుంది. అంత పేరున్న గడియారం కూడా 1949లో పెద్దముల్లు మీద పక్షులు గుంపుగా వాలితే నాలుగున్నర నిమిషాలు వెనకబడింది.

గంట కొట్టే భాగం వేరు, దాని బరువు వేరు. గంటకు ఒకసారి మాత్రమే కొట్టే గడియారం కూడా రోజుకు 156 దెబ్బలు వేయాలి. వారానికి 1092. ఆ శక్తంతా ఎక్కణ్ణుంచి వస్తుంది? మెట్లెక్కి పైకి పోయి, పిడి పట్టుకుని దిమ్మలను మళ్ళీ పైకి చుట్టిన మనిషి భుజాల నుంచి. దాన్నే మనం కీ ఇవ్వడం అంటాం. చాలా స్తంభాలకు వారానికోసారి కీ ఇవ్వాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ గుమ్మం మీద ఖిల్వత్ గడియారానికి, గడియారాలు బాగుచేసే ఒక కుటుంబంవాళ్ళు వారం వారం కీ ఇస్తూ వచ్చారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడటానికి జనం గుంపులుగా కూర్చుంటారు. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా కొన్న ఆ గడియారంలో 350కి పైగా భాగాలు. గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోయేదాకా పిల్లలూ పెద్దలూ కళ్ళార్పరు. నాకు మాత్రం ఆ గుంపును చూసినప్పుడల్లా, వాటికి నూనె వేసి తుడిచే చేతులు గుర్తుకొస్తాయి.

గడియార స్తంభాల చరిత్ర రాసినవాళ్ళు కట్టించినవాళ్ళ పేర్లు రాశారు, ప్రారంభించినవాళ్ళ పేర్లు చెక్కారు. కీ ఇచ్చినవాళ్ళ పేరు ఏ రాతి మీదా నేను చూడలేదు. కట్టడం ఒక్కసారి జరిగే పని. గడియారం నడవడం ప్రతి వారమూ కొత్తగా జరిగే పని. ఈ తేడా మనకు ఒంటబట్టకపోవడం వల్లనే స్తంభాలు మిగిలి గడియారాలు ఆగిపోయాయి.

ఒక యంత్రం నాలుగు ముఖాలనూ తిప్పినంతకాలం తప్పయితే నాలుగూ ఒకే తప్పు చూపించేవి. పాత యంత్రం చెడిపోగానే దాన్ని పక్కన పడేసి, ఒక్కో ముఖానికి ఒక్కో బ్యాటరీ మోటారు తగిలిస్తే, కొన్నాళ్ళకు తూర్పు ముఖం పది, పడమర ముఖం పదీ ఇరవై, ఉత్తరం ముఖం ఆగిపోయి, దక్షిణం ముఖానికి ముళ్ళే ఉండవు. ఇలాంటి స్తంభాలు మీరంతా చూసినవే.

జ్ఞాపకాల లెక్క

వేళ చెప్పడం మానేశాక కూడా స్తంభాలు ఊరి నోట్లో బతికే ఉన్నాయి. కరీంనగర్‌లో, జగిత్యాలలో టవర్ సర్కిల్. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ సెంటర్. ఆటోవాళ్ళకు, బస్సు దిగినవాళ్ళకు, ఊరికి కొత్తవాళ్ళకు చిరునామా అక్కడ మొదలవుతుంది. పొద్దున్నే కూలీల అడ్డా, సాయంత్రం పూలబుట్టలు, ధర్నా టెంటు, గెలిచిన పార్టీ టపాకాయలు అన్నీ అక్కడే. సికింద్రాబాదు స్తంభం పక్కనే 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపం ఉంది. 2006లో ఆ ఊరు 200 ఏళ్ళ పండగ చేసుకున్నప్పుడు స్తంభమే ఊరికి గుర్తయింది.

అనంతపురంవాళ్ళు తమ స్తంభం గురించి చెప్పే మాట వినడం నాకెంతో ఇష్టం. 15 అడుగుల వెడల్పు, 8 ముఖాలు, 47 అడుగుల ఎత్తు. పదిహేనో తేదీ, ఎనిమిదో నెల, నలభై ఏడో ఏడు. రాతి ఫలకం చదవడం రాని మనిషి కూడా స్తంభాన్ని చూసి తేదీ చెప్పగలిగేలా స్వాతంత్ర్యాన్ని కొలతల్లోకి ఎక్కించారన్నమాట. ముంబయిలో 1878లో పూర్తయిన రాజాబాయి స్తంభం 280 అడుగుల ఎత్తు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వ్యాపారి డబ్బిచ్చి తల్లి పేరు పెట్టించాడు. ఆ జైన తల్లికి చూపు లేదని, పొద్దు గుంకకముందే భోంచేయాలన్న నియమం గంట వినడం వల్ల తప్పకుండా జరిగేదని అక్కడ చెప్పుకుంటారు. నిజమెంతయినా, ఊరి గంట చూపులేనివాళ్ళకు కూడా వేళ చెప్పాలన్న ఆలోచన ఆ కథలో ఉంది. అందుకే జనం దాన్ని వదల్లేదు.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1870 ప్రాంతంలో కట్టిన ఘంటాఘర్ 1950ల మొదట్లో కూలింది. మళ్ళీ కట్టలేదు. అయినా ఆ చోటును ఇప్పటికీ ఘంటాఘర్ అనే పిలుస్తారు. 1919 మార్చి 30న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా ఊరేగింపు వచ్చినప్పుడు స్వామి శ్రద్ధానంద గూర్ఖా సైనికుల తుపాకులకు ఎదురు నిలిచిన చోటు అది. స్తంభం పోయినా జనం పిలుపు పోలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇటలీలో బొలోన్యా రైల్వే స్టేషనులో 1980 ఆగస్టు 2న ఉదయం 10.25కు బాంబు పేలి 85 మంది చనిపోయారు. గోడ మీది గడియారం ఆ వేళకే ఆగిపోయింది. తర్వాత బాగుచేశారు, ఏళ్ళ తరబడి మామూలుగా నడిచింది. 1996లో మళ్ళీ ఆగినప్పుడు, చనిపోయినవాళ్ళ గుర్తుగా 10.25 దగ్గరే ఉంచేయాలని నిర్ణయించారు. ఆ తర్వాత పరిశోధకులు ఊరివాళ్ళను అడిగితే, పేలుడు జరిగిన నాటి నుంచీ అది ఆగే ఉందని ఎక్కువమంది గట్టిగా చెప్పారు. రోజూ ఆ స్టేషనులో పనిచేసేవాళ్ళు కూడా అలాగే చెప్పారు. కళ్ళెదుట ఏళ్ళపాటు తిరిగిన ముళ్ళను మనసు చెరిపేసింది. దుఃఖం జ్ఞాపకాన్ని ఎంతగా దిద్దుతుందో దీనివల్ల తెలుస్తుంది. వాళ్ళు అబద్ధమాడారని ఎవరూ అనలేరు. ఊరంతా కలిసి ఒక బాధను ఒక వేళ దగ్గర నిలబెట్టుకుంది.

ఆ గడియారం ఆగడానికీ మన గడియారాలు ఆగడానికీ చాలా తేడా ఉంది. దాన్ని ఊరు కూర్చుని ఆలోచించి ఆపింది. మనవి ఎవరూ ఆపలేదు, ఎవరూ నడపలేదు, అంతే. ఏ దినం ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పగలిగే కాగితం కూడా ఉండదు. ఆగిన ముల్లు ఏదో ఒక వేళను చూపిస్తుంది గానీ ఆ వేళకు అర్థం లేదు.

చేతిలో ఫోనుంది కదా?

ఈ ప్రశ్న మీలో చాలామంది మనసులో ఉందని తెలుసు. దాటవేయను. ఫోనులో వేళ ఏ స్తంభం మీది వేళకన్నా కచ్చితం. దేశపు వేళను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో కాపాడుతోంది. లోలకాలు వాటితో పోటీ పడలేవు. కూలీల అడ్డాలో నిలబడే మనిషి జేబులోనూ ఇవాళ ఫోనుంది. మా తరంలో ఇంటికొక్క వాచీ, అది నాన్న చేతికి. కీ ఇచ్చే హెచ్ఎంటీ వాచీ పెళ్ళికి అల్లుడికి పెట్టే లాంఛనాల్లో ఉండేది. వేళ తెలుసుకోవడానికి స్తంభం వైపు చూడాల్సిన అవసరం తీరిపోయింది, అందుకు సంతోషించాలి.

అయినా గడియారం నడవాలని నేననడానికి కారణం, అది ఊరి నడిబొడ్డున నిలబడి ఊరి పేరున ఒక మాట చెబుతోంది. ఊరి పేరున చెప్పే మాట నిజమై ఉండాలి. బడికి పోయే పిల్లలు రోజూ దాని కిందుగా నడుస్తారు. నాలుగు ముఖాలు నాలుగు వేళలు చూపిస్తుంటే, పదిమందికీ చెందిన వస్తువు తప్పు చెప్పినా ఫరవాలేదని, దాన్ని సరిచేయడం ఎవరి పనీ కాదని వాళ్ళు నేర్చుకుంటారు. ఏ పాఠ్యపుస్తకమూ ఆ పాఠాన్ని చెరపలేదు. ఇంట్లో గోడ గడియారం ఒక్కపూట ఆగితే బ్యాటరీ మారుస్తాం. ఊరిది ఆగితే అలవాటు పడతాం. మన ఇంటికి మనం చేసుకున్నది మన ఊరికి చేయకపోవడమే నన్ను బాధించే విషయం.

ఊరివాళ్ళకు ప్రేమ లేదని అనను. మన మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో సుందరీకరణ పనుల్లో కూల్చినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో మీకు గుర్తుంది. ఒకటి దారి చూపడానికి పెట్టిన వెలుగు, ఇంకొకటి వేళ చెప్పడానికి పెట్టిన గంట. రెంటినీ బాటసారుల కోసమే నిలబెట్టారు. కూల్చినప్పుడు వచ్చిన కోపం, ఆగిపోయినప్పుడు కూడా రావాలి. కూలడం ఒక్క రోజులో కనబడుతుంది, ఆగిపోవడం కనబడదు. ఇంతే తేడా.

ఇది అయ్యే పనే అని చెప్పడానికి లక్నో ఉంది. 1880లలో కట్టిన హుసేనాబాద్ స్తంభం 221 అడుగుల ఎత్తు. దాని గడియారం 1984లో ఆగిపోయి పాతికేళ్ళకు పైగా అలాగే ఉంది. చివరికి ఇద్దరు ఔత్సాహికులు పూనుకుని, తుప్పు వదిలించి, పోయిన భాగాలు చేయించి మళ్ళీ నడిపించారు. పాత యంత్రాలు మొండివి. శ్రద్ధగా తుడిచి, అరిగిన పన్ను మార్చి, బరువు పైకి చుడితే వందేళ్ళ తర్వాత కూడా నడుస్తాయి. వాటికి లేనిది మనిషి మాత్రమే.

ఒక తీర్మానం

అందుకని మాస్టారి పేరున నాలుగు పనులు కోరుతున్నాను. మన గంటస్తంభానికే కాదు, తెలుగు ఊళ్ళలో గడియారమున్న ప్రతి స్తంభానికీ ఇవి వర్తిస్తాయి.

మొదటిది, ప్రతి గడియారానికీ ఒక మనిషి. మునిసిపాలిటీ బడ్జెట్‌లో రంగులకు కాకుండా, కీ ఇచ్చేవారి జీతానికి ఏటా ఒక పద్దు. వారి పేరూ ఫోను నంబరూ స్తంభం అడుగున రాసి ఉండాలి. గడియారం ఇవాళ నడుస్తోందా లేదా అన్నది చిన్న ప్రశ్న. ఆగితే ఎవరికి చెప్పాలో మనలో ఒక్కరికైనా తెలుసా అన్నది పెద్ద ప్రశ్న.

రెండోది, పాత యంత్రాన్ని తుక్కు కింద అమ్మకూడదు. కరెంటు యంత్రం పెట్టక తప్పకపోతే పెట్టండి. పాతదాన్ని స్తంభం కిందే అద్దాల వెనక ఉంచి, అది ఎలా నడిచేదో పిల్లలకు చూపించండి. ఒక్క పూటలో భౌతికశాస్త్రం మూడు పాఠాలు వస్తాయి.

మూడోది, గడియారం చెడిపోతే ముఖానికి గుడ్డ కప్పి, మరమ్మతులో ఉందని బోర్డు పెట్టండి. నాలుగు ముఖాలను నడపలేకపోతే ఒక్క ముఖాన్నే నిజంగా నడపండి. పగలు గంట కొట్టనివ్వండి, రాత్రి నిద్ర చెడకుండా ఆపండి.

నాలుగోది మన పని. స్తంభం చుట్టూ ఊరికి ఉన్న జ్ఞాపకాలను పెద్దలు చెబుతుండగా మన బడిపిల్లలు తేదీలతో సహా రాసుకోవాలి. ఎవరు కీ ఇచ్చారు, ఏ సభ జరిగింది, ఏ కూలీ రేటు కోసం ఎక్కడ కూర్చున్నారు, అన్నీ. రాసినవి జిల్లా గ్రంథాలయంలో భద్రపరచాలి. నోటి జ్ఞాపకం ఎంత ప్రేమగా దారి తప్పగలదో బొలోన్యా చెప్పింది. చెప్పగలిగినవాళ్ళు మన మధ్య ఉండగానే రాసుకోవాలి. మొదట రాయవలసింది కీ ఇచ్చినవాళ్ళ పేర్లు.

ఈ నాలుగింటినీ తీర్మానంగా రాసి తెచ్చాను. సభ ఒప్పుకుంటే ఇక్కడే సంతకాలు చేసి, రేపు కచేరీ తెరవగానే మునిసిపల్ కమిషనరు గారికి అందజేద్దాం. ఏటా మాస్టారి పేరున ఒక ఉపన్యాసం పెట్టుకుంటున్నాం. వచ్చే ఏడు ఇక్కడికి వచ్చే వక్త, ఇందులో ఎన్ని పనులు జరిగాయో ముందుగా మనల్ని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యతను మనందరి తరఫున నేను తీసుకుంటున్నాను. కాగితం అధ్యక్షుల వారి బల్ల మీద పెడుతున్నాను, దయచేసి ఒక్కొక్కరుగా రండి.